ఎదురు చెంబు

వడపోత చెడిన ఐదో రోజు

ఊరి నీళ్ల తొట్టిలో కొలకర్ర మీద 912 లీటర్లు. ఉండాల్సింది 912. సంతోషం.

ఈ నీళ్ల పుస్తకంలో ప్రతి పేజీ చివరా 'దణ్ణం' అని ఒక గడి ఉంటుంది. ఆ రోజు మనల్ని బతికించినదాని పేరు అందులో రాయాలి. మనిషైనా సరే, మరైనా సరే. నలభై ఏళ్ల కిందట ఈ ఎర్రనేలలో మొదటి బోరు దించి అడుగునున్న మంచును పైకి తెచ్చిన సూరాంబ పెద్దమ్మ పెట్టిన నియమం అది. ఈ ఊరికి చలివేంద్రం అని పేరు పెట్టిందీ ఆవిడే. తలుపు దాటితే పీల్చడానికి గాలి కూడా లేని చోటికి ఆ పేరేమిటని మా నాన్న నవ్వాడట. "నీళ్లు దొరకని చోటే గదయ్యా చలివేంద్రం పెట్టేది" అందట పెద్దమ్మ. నాన్న నోరు మూతపడిన సందర్భాలు నాకు తెలిసి రెండే, అందులో ఇదొకటి.

పొద్దున్నే ముప్పై ఎనిమిది మంది మూత్రం సీసాలు తీసుకుని రంగుల అట్టతో పోల్చి చూడటం నా పని. ఒకటో రంగు మంచినీళ్లలా ఉంటుంది, ఎనిమిదోది బెల్లం పాకంలా ఉంటుంది. రంగు ముదిరితే ఒంట్లో నీళ్లు తక్కువ, తేలితే చాలినన్ని. మా అమ్మ నాకు నేర్పింది ఈ ఒక్క ముక్కే. పదహారేళ్లుగా దీంతోనే నెట్టుకొస్తున్నాను. దారిలో ఎదురైతే జనానికి నా పేరు కంటే ముందు సీసా గుర్తొస్తుంది. ఏం చేస్తాం.

మూత్రాన్ని మళ్లీ మంచినీళ్లు చేసే వడపోత మర చెడిపోయి ఐదు రోజులైంది. పది లీటర్లు పోస్తే తొమ్మిదే తిరిగిస్తోంది. కొత్త జల్లెడ మెరక అనే ఊరి నుంచి బండిలో బయలుదేరింది కానీ ఇంకా పన్నెండు రోజుల దారి ఉంది. అందాకా ఎంత తక్కువ మూత్రం పోస్తే ఊరికి అంత మేలు. అందుకే అందరికీ చెవి వెనక గుండీలు అంటించాను. గుండీ అంటే వింతేమీ కాదు. మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఒకటుంది. ఒంట్లో నీళ్లు తగ్గితే అది రక్తంలోకి ఒక హార్మోను వదులుతుంది. ఆ కబురు అందగానే మూత్రపిండాలు నీళ్లను బయటికి పోనివ్వకుండా వెనక్కి పీల్చుకుంటాయి. గుండీలో ఉన్నది ఆ హార్మోనే. చర్మంలోంచి కొంచెం కొంచెంగా దిగుతుంది.

ఈ రోజు పెద్దమ్మ గాలి తొడుగు వేసుకుని బయటికి వెళ్లింది. వయసు అరవై ఎనిమిది. బోరు ములుకు అరిగిపోయింది, దాన్ని మార్చడం ఆవిడకొక్కదానికే వచ్చు. బయటికి వెళ్లేవాళ్లకు రెండు గుండీలు పెట్టడం మా అలవాటు, పెట్టాను. ఏడు గంటలు ఉంది. వెళ్లేటప్పుడు బరువు కుర్చీలో కూర్చోబెడితే యాభై ఒక్క కిలోలు, వచ్చాక నలభై తొమ్మిది కిలోల ఏడు వందల గ్రాములు. మూత్రం ఏడో రంగు. కానీ బోరు మళ్లీ తిరుగుతోంది. ఆ చప్పుడు విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది.

నీళ్ల వరసలో అందరూ వింటుండగా నేనే అన్నాను, "పెద్దమ్మ మనకోసం వెళ్లి ఎండిపోయి వచ్చింది" అని.

దణ్ణం: బోరుకు, బోరు మనిషికి.

ఆరో రోజు

కొలకర్ర మీద ఒకటిన్నర లీటరు తక్కువ.

వడపోత చూసే ఇస్మాయిల్ అన్నను పిలిచాను. ఆయన కర్ర పెట్టి చూశాడు, నేను పెట్టి చూశాను, మళ్లీ ఆయన పెట్టి చూశాడు. కర్ర మాట మార్చలేదు.

"ఎక్కడో కారతా ఉంది చెల్లీ. కంగారు పడమాక. రేపటికల్లా పడతా" అన్నాడు.

పెద్దమ్మ తలనొప్పి అంటోంది. అన్నం వద్దంది. మూత్రం చాలా తక్కువ, అది కూడా ఏడో రంగే. అంటే ఇంకా ఎండే ఉందన్నమాట. గుండీలు తీద్దామా అనుకున్నాను గానీ, ఎండిన మనిషికి నీళ్లు పట్టి ఉంచే గుండీ తీసేస్తే ఎలా? ఉంచాను. వరసలో జనం అడిగితే "ఇంకా తేరుకోలేదు" అని చెప్పాను.

మా ఊళ్లో ప్రతి గుమ్మం మీదా మూడు మాటలు రాసి ఉంటాయి. అడగకుండా ఇవ్వాలి. చెప్పకుండా ఇవ్వాలి. కాదనకుండా తాగాలి. ఇవీ పెద్దమ్మ మాటలే. దాహమేస్తోందా అని అడిగితే, మొహమాటస్తుడు లేదంటాడు. ఇచ్చానని చెప్పుకుంటే, తాగినవాడు తల దించుకుంటాడు. కాదంటే, ఇచ్చినవాడి మనసు నొచ్చుకుంటుంది. ప్రతి ఇంట్లోనూ గుమ్మం పక్కన పావు లీటరు పట్టే ఎదురు చెంబు మూత పెట్టి ఉంటుంది. వచ్చినవాళ్లకు ముందు అది అందించాకే మాటలు. ఎవరైనా చెంబు పట్టుకుని వెళుతుంటే మిగిలినవాళ్లం తల తిప్పుకుంటాం. అది మర్యాద.

ఈ సాయంత్రం ఈ పుస్తకంలో రాయకూడని పని ఒకటి చేశాను. రాయను.

దణ్ణం: ఇస్మాయిల్ అన్న ఓపికకు.

ఏడో రోజు

మూడు లీటర్లు తక్కువ.

పొద్దుటి నుంచి ఇస్మాయిల్ అన్నా నేనూ గొట్టాల గుంతలో పాకుతున్నాం. ప్రతి అతుకు కిందా పొడి గుడ్డ పెట్టాం. ఒక్క గుడ్డా తడవలేదు. చిక్కుడు తోట చూసే ముత్యాలు వదిన పైనుంచి తొంగి చూసి, "ఎవరో దొంగతనంగా తాగుతున్నారేమో" అంది. అలాంటి మాట ఈ ఊళ్లో నేను ఇంతవరకూ వినలేదు. మధ్యాహ్నానికి ఇద్దరు ముగ్గురు ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకోవడం కూడా కనిపించింది. నీళ్లు తగ్గడం కంటే అదే ఎక్కువ భయపెట్టింది.

ఇస్మాయిల్ అన్న మాత్రం గుంతలో వెల్లకిలా పడుకుని, "నీళ్లు యాడికీ పోవు చెల్లీ. ఈ గోడలు దాటి పోలేవు. ఇక్కడే ఎక్కడో ఉండాయి, మనకే కళ్లు లేవు" అన్నాడు.

పెద్దమ్మ సంగతి బాగోలేదు. పొద్దున నన్ను చూసి "రత్తీ, ములుకు తెచ్చావా?" అంది. రత్తమ్మ ఆవిడ చెల్లెలు, పోయి ఇరవై ఏళ్లు దాటింది. బోరు ఎన్ని మీటర్లు దిగిందో నిద్రలో లేపినా చెప్పే మనిషి, ఈ రోజు చెప్పు ఏ కాలికి వేసుకోవాలో తెలియక రెండూ చేతిలో పట్టుకుని కూర్చుంది. వికారంగా ఉందంటోంది. మూత్రం ఏడో రంగు. ఇంత చేసినా రంగు తేలదేం? నాకు తెలిసిన ఒక్క ముక్కా పని చేయడం లేదు.

రేపు పొద్దున మెరక డాక్టరుతో మాట్లాడాలి. రేడియోలో మాటలు అందేది పొద్దున అరగంటే.

దణ్ణం గడి ఖాళీగా వదిలేస్తున్నాను. పెద్దమ్మ తిడితే తిట్టనీ. తిట్టేటంత తెలివి వస్తే అదే చాలు.

ఎనిమిదో రోజు, పొద్దున

నాలుగున్నర లీటర్లు తక్కువ.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పెద్దమ్మ లేచి నిలబడలేకపోయింది. రేడియో గదికి తీసుకెళ్లాలంటే ఊళ్లో చక్రాలున్నది బరువు కుర్చీ ఒక్కటే. అందులో కూర్చోబెట్టి తోస్తుంటే పక్కన అంకెలు వెలిగాయి. యాభై నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. కుర్చీ కూడా చెడిందనుకున్నాను. నేను కూర్చుని చూసుకున్నాను. నా బరువు ఎప్పటిలాగే సిగ్గుచేటుగా సరిగ్గా చూపించింది.

బయట నుంచి వచ్చిన రోజు నలభై తొమ్మిదీ ఏడు వందలు. మూడు రోజులుగా సరిగా అన్నం తినని మనిషి నాలుగున్నర కిలోలు పెరిగింది.

నాలుగున్నర.

గొట్టాల గుంత వైపు పరుగెత్తి, "అన్నా, పైకి రా! నీళ్లు దొరికాయి!" అని అరిచాను. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మేం వెతుకుతున్న నీళ్లన్నీ పెద్దమ్మ ఒంట్లో ఉన్నాయి.

మెరక డాక్టరు ఏసుపాదం గారికి ఒక్క ఊపులో అంతా చెప్పాను. ఏడో రంగు, ఏడో రంగు అని మూడుసార్లు చెప్పినట్టున్నాను.

"నాంచారీ, ఆ రంగు సంగతి ఆపు. రక్తంలో ఉప్పెంత?"

"చూడలేదండీ."

"చూడమ్మా. నేనుంటా."

వేలు పొడిచి ఉప్పు చూసే పుల్ల పెట్టాను. నూట పద్దెనిమిది. నూట ముప్పై ఐదుకు తగ్గకూడదని పుల్లల డబ్బా మీదే రాసి ఉంది.

"రెండు గుండీలూ పీకెయ్. ముందది చెయ్" అన్నారాయన. పీకేశాను. "ఇప్పుడు విను. మన గ్రంథికి కళ్లుంటాయమ్మా. నీళ్లు చాలగానే కబురు ఆపేస్తది. మిగిలినవి మూత్రంలో పోతాయి. గుండీకి కళ్లు లేవు. ఒళ్లు నిండి పొంగినా సరే, పట్టుకో పట్టుకో అంటానే ఉంటది. మూత్రపిండాలు పాపం ఏం చేస్తాయి, చెప్పిన మాట వింటాయి. నువ్వు చూసిన రంగు దాహానిది కాదు, గుండీది. ఆవిడ ఎండిపోలా, మునిగిపోయింది. రక్తం పలచబడి మెదడులోకి నీళ్లు దిగతన్నాయి. నానేసిన శనగల్లాగా ఉబ్బుతా ఉంది."

ఆయన మాట పూర్తి కాకుండానే పెద్దమ్మ కళ్లు పైకి తిరిగాయి. చేతులూ కాళ్లూ కొట్టుకోవడం మొదలైంది. ఇస్మాయిల్ అన్న తల పట్టుకుని పక్కకు తిప్పాడు. మందుల పెట్టెలో అడుగున గట్టి ఉప్పునీళ్ల చిన్న సీసా ఒకటుందనీ, దాన్ని నరంలోకి ఎక్కించమనీ డాక్టరు చెప్పారు. సూది గుచ్చడం నాకు వచ్చు, కానీ మా అమ్మ లాంటి మనిషికి గుచ్చడం రాదని అప్పుడే తెలిసింది. రెండోసారికి దొరికింది నరం. సీసా సగం అయ్యేసరికి కొట్టుకోవడం ఆగింది. ఊపిరి మామూలుగా ఆడింది.

"ఇక వినండి. రేపు పొద్దున నేను మళ్లీ మాట్లాడేదాకా ఆవిడకు చుక్క నీళ్లు పోయొద్దు" అన్నారు డాక్టరు గారు. అంతలో మాటలు తెగిపోయాయి.

చలివేంద్రంలో నీళ్లు పోయొద్దట. అదీ సూరాంబ పెద్దమ్మకు.

ఎనిమిదో రోజు, దీపాల వేళ

పెద్దమ్మను పడుకోబెట్టి గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాను. పావుగంట కాలేదు, ముత్యాలు వదిన కొంగు కింద చెంబు దాచుకుని వచ్చింది.

"కాస్త తప్పుకో."

"ఇవ్వకూడదు వదినా."

"ఏంది?"

"నీళ్లు ఇవ్వకూడదు. డాక్టరు గారు చెప్పారు."

వదిన మొహం ఎర్రబడింది. "చలివేంద్రంలో నీళ్లు కాదంటన్నావా? నీ నోటికి ఎట్టా వచ్చిందే ఆ మాట? ఈవిడ పుణ్యాన మనం బతకతన్నాం, ఈవిడ గొంతు ఎండబెడతావా?"

ఆ మాటలకు ఇళ్లలోంచి జనం వచ్చారు. వచ్చినవాళ్లను చూస్తే నాకు విషయం తెలిసిపోయింది. నలుగురి చేతుల్లో చెంబులున్నాయి. నలుగురూ ఒకరి చెంబు ఒకరు చూసి తెల్లబోయారు.

చెప్పకుండా ఇవ్వాలన్న ఆ రెండో మాటను అక్కడే తుంచేశాను. "నేను రెండు చెంబులు ఇచ్చాను" అన్నాను గట్టిగా. "ఆరో రోజు సాయంత్రం ఒకటి, నిన్న ఒకటి. ఎవరికీ చెప్పలేదు. ఎదురు చెంబు నీళ్లు పుస్తకంలో రాయకూడదు కనక రాయలేదు. నాతో పాటు ఇంకెవరిచ్చారు?"

నలుగురూ చెంబులు వెనక్కి పెట్టుకున్నారు. ఇచ్చింది చెప్పుకోవడమంటే మా ఊళ్లో పదిమందిలో పైట జారినంత సిగ్గు.

"ఆవిడ బతకాలంటే చెప్పండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

ముత్యాలు వదిన నేల చూస్తూ, "మూడు" అంది. తర్వాత ఒకరు ఒకటి, ఇంకొకరు రెండు. వెనక నుంచి ఇస్మాయిల్ అన్న దగ్గి, "ఒకటి" అన్నాడు. రెండు రోజులు గుంతలో పాకి లీకు వెతికిన మనిషి! ఇంకో రోజైతే నవ్వి చచ్చేదాన్ని.

మిగతావాళ్లవీ చెప్పించి కూడితే మొత్తం పద్దెనిమిది చెంబులు. పావు లీటరు చొప్పున నాలుగున్నర లీటర్లు. ప్రతి ఒక్కరూ తామొక్కరే ఇచ్చామనుకున్నారు. ఇచ్చి వెళ్లి, మర్యాద ప్రకారం ఎవరికీ చెప్పకుండా తమ ఎదురు చెంబును మళ్లీ నింపుకున్నారు. పెద్దమ్మ తన నియమం ప్రకారం కాదనకుండా తాగింది. తప్పు చేసినవాళ్లు ఎవరూ లేరు, నేను తప్ప. ఎండిపోయిందని ఊరంతా చాటింది నేను. రెండు గుండీలూ ఉంచింది నేను. ఆ మాటా చెప్పాను.

ఎవరూ తిట్టలేదు. ముత్యాలు వదిన తన చెంబు తీసుకెళ్లి తొట్టిలో పోసి వచ్చి నా పక్కన కూర్చుంది. "అయితే ఇప్పుడేం చెయ్యాలి?" అంది.

"ఆవిడ మూత్రం పోసేదాకా కూర్చోవాలి."

అలా కూర్చున్నాం. ముప్పై మందికి పైగా, ఒక ముసలావిడ ఎప్పుడు మూత్రం పోస్తుందా అని గుమ్మం ముందు ఎదురుచూశాం. పనులున్నవాళ్లు వెళ్లి, ముగించుకుని మళ్లీ వచ్చారు. పురిటి గది బయట కూడా ఇంత ఆత్రం నేను చూడలేదు. మధ్యాహ్నం వచ్చింది సీసా అడుగు కూడా తడవనంత. ఏడో రంగే. "గుండీ మందు ఒంట్లోంచి దిగాలి గదా, ఓపిక పట్టండి" అని నాకే తెలియని ధైర్యం అందరికీ చెప్పాను.

ఆ తర్వాత ఐదో రంగు.

దీపాలు వెలిగించే వేళకు లోపల నుంచి పిలిచింది. వెళ్లాను. సీసా చాల్లేదు, బేసిన్ పెట్టాల్సి వచ్చింది. అట్ట పక్కన పెట్టి చూశాను. రెండో రంగు! వడగట్టిన మంచినీళ్లలా ఉంది. పదహారేళ్లలో ఇంత అందమైనది నేను చూడలేదని రాయడానికి సిగ్గుపడను. బయటికి తెచ్చి చూపిస్తే జనం చప్పట్లు కొట్టారు. ఇస్మాయిల్ అన్న ఆ బేసిన్‌ను రెండు చేతులా పట్టుకుని, చుక్క తొణకకుండా వడపోత గదికి నడిచాడు. దారిలో ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు.

దణ్ణం: రెండు మూత్రపిండాలకు. పిడికిలికి మించి లేరు గానీ, మోసం చేసిన మాట వింటూ కూడా మూడు రోజులు నమ్మకంగా పని చేశారు. నిజం చెప్పగానే నిజానికి తగ్గట్టు మారారు. నేను వాళ్లపాటి కూడా చేయలేదు.

తొమ్మిదో రోజు

కొలకర్ర నెమ్మదిగా పైకి వస్తోంది. పెద్దమ్మ రక్తంలో ఉప్పు నూట ఇరవై ఐదు.

పొద్దున నన్ను చూసి, "ఏందే నాంచారీ, ఆ మొహమేంది, నిద్ర పోలా?" అంది. నా పేరు! తలుపు చాటుకు వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాను.

డాక్టరు గారికి లెక్కలన్నీ చెప్పాను. మంచిదేనన్నారు. కానీ నీళ్లు మరీ వేగంగా పోయినా మెదడుకు ప్రమాదమేనట, ఇక కాస్త నీళ్లు మొదలుపెట్టాలట.

"ఎంత పొయ్యమంటారండీ? ఏ రంగు వచ్చేదాకా?"

"రంగుల అట్ట అవతల పెట్టు. ఒక గ్లాసుతో మొదలెట్టి గంటగంటకూ ఉప్పు చూడు. ముందు ఆవిడను అడుగు."

"ఏమని?"

"దాహంగా ఉందా అని. గుండీలు లేవు, తెలివి వచ్చింది. ఇక ఆవిడ ఒంటికి తెలిసినంత నీకూ తెలవదు, నాకూ తెలవదు."

"మా ఊళ్లో అలా అడగడం మర్యాద కాదండీ."

"అడుగమ్మా" అన్నారాయన.

గ్లాసు నింపుకుని వెళ్లాను. నాకు ముప్పై నాలుగేళ్లు. ఈ ఊళ్లోనే పుట్టాను. ఎన్ని వందల చెంబులు అందించానో. ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడిగి ఎరగను.

"పెద్దమ్మా, దాహంగా ఉందా?"

చప్పున తల తిప్పి చూసింది. తిడుతుందనుకున్నాను. చాలాసేపు నా మొహం చూసింది, ఆ తర్వాత గుమ్మం మీది రాత చూసింది.

"ఒక్కళ్లూ అడగలేదే" అంది మెల్లగా. "చెంబు తర్వాత చెంబు. నాలుగో దానికే కడుపులో తిప్పింది. దాహం లేదు, వద్దు అందామనుకున్నా. ముత్యాలు మొహం చూస్తే నోరు రాలా. కాదనకూడదని రాసింది నేనే గదా."

"నన్ను క్షమించు పెద్దమ్మా. ఊరంతా చెప్పింది నేను."

"నువ్వు చెప్పకపోతే ఊరికి నామీద ఇంత ప్రేమ ఉందని నాకెట్టా తెలిసేది? పద్దెనిమిది చెంబులంట. ఇస్మాయిల్ చెప్పాడు. రాజుక్కూడా దొరకవే!" నవ్వబోయి దగ్గింది. "ఆ మొదటి మాట చెరిపించు. అడిగి ఇవ్వాలి అని రాయమను. అక్షరాలు పెద్దవిగా రాయమను, నాలాంటి మొండివాళ్లకు కనపడాలి."

"సరే. మరి దాహం సంగతి?"

ఒక క్షణం కళ్లు మూసుకుంది. తన ఒళ్లు తనే వింటున్నట్టుంది.

"ఉందే" అంది. "ఉంది. పొయ్యి."

గ్లాసు చేతికిచ్చాను. తల తిప్పుకోలేదు. ఆఖరి గుక్క దాకా తాగడం చూస్తూనే నిలబడ్డాను. అది పుస్తకంలో రాస్తున్నాను: ఒక గ్లాసు, ఇచ్చింది నాంచారి.

దణ్ణం: సూరాంబ పెద్దమ్మ దాహానికి.